గుంట గట్టు మీద చదవగలిగే పేజీ: ఒక వెబ్‌సైటు పని డైరీ

1వ రోజు

మా మేనమామకు ఇందుకూరుపేట మండలంలో, మైపాడు పోయే దారిలో, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబ్ ఉంది. రైతులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సీసాల్లో నీళ్ళు తెచ్చిస్తారు. పీహెచ్, సెలినిటీ, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా, నైట్రైట్, ఇలా గుంటకో రిపోర్టు. దాన్ని ఫోన్లో చూసుకునేందుకు మామయ్య రెండేళ్ళ కిందట ఒక వెబ్‌సైటు చేయించాడు. కంప్యూటర్లో తెరిస్తే బాగానే ఉంటుంది. కానీ ల్యాబ్‌లో తప్ప దాన్ని కంప్యూటర్లో చూసే మనిషి ఒక్కరూ లేరు.

"రెండు వేళ్ళు పెట్టి లాగి లాగి చూడాల్సొస్తా ఉంది రా. ఒక చేతిలో చెక్ ట్రే, ఇంకో చేతిలో ఫోను. ఆ రెండో వేలు యాడ్నించి తెస్తారు?" అన్నాడు మామయ్య. చెక్ ట్రే అంటే రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసుకునే పళ్ళెం. దసరా అయ్యాక చేస్తానని మాటిచ్చాను. నెల్లూరులో నేను చేసేది ఇదే పని కాబట్టి, ఇంటి పని ఇంకా శ్రద్ధగా చేయాలనిపించింది.

పాత పేజీ కోడ్ తెరిచి చూస్తే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ లేదు. అది లేకపోతే ఏమవుతుందో కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. 2007లో మొదటి ఐఫోన్ వచ్చినప్పుడు వెబ్‌సైట్లన్నీ కంప్యూటర్ కోసం చేసినవే. అందుకని ఫోన్ బ్రౌజర్ తన తెర 980 పిక్సెళ్ళ వెడల్పు ఉందని అనుకుని పేజీని పరిచి, తర్వాత మొత్తాన్ని కుదించి చూపించేది. ఆండ్రాయిడ్ బ్రౌజర్లూ అదే దారి పట్టాయి. ఇప్పటికీ మనం ప్రత్యేకంగా చెప్పకపోతే జరిగేది అదే. "నీ తెర అసలు వెడల్పు ఎంతో అంతలోనే పరుచుకో" అని చెప్పే ఒక్క లైనే ఆ ట్యాగ్.

ఆ లైను చేర్చి చూశాను. అక్షరాలు పెద్దవయ్యాయి కానీ 960 పిక్సెళ్ళకు బిగించేసిన టేబుల్ కుడిపక్కకు జారిపోయింది. పీహెచ్ వరకే కనిపిస్తోంది, అమ్మోనియా తెర బయట ఉంది. అతుకులేస్తే కుదిరేది కాదు. మొదటినుంచీ రాయాలి.

2వ రోజు

కోడ్ ముట్టుకోకుండా, తెల్లవారుజామున ఐదింటికి మామయ్యతో గుంటల దగ్గరకు వెళ్ళాను. ఆ వేళే ఎందుకంటే, రాత్రంతా ఎండ లేక నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు, పైగా అదీ రొయ్యలూ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. సూర్యుడు వచ్చే ముందు డీవో, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా తగ్గి ఉంటుంది. రైతు కళ్ళు నీళ్ళ మీదా ఫోను మీదా ఉండే సమయం అది.

చూసినవి చూసినట్టు రాసుకున్నాను.

ఫోన్లు రకరకాలు. మూలన పగిలిన తెరలు రెండు. చేతులు తడి, వేళ్ళకు మేత అంటుకుని ఉంది. చీకట్లో బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించుకుంటారు, ఎనిమిదింటికి ఎండ ఎక్కాక పూర్తిగా పెంచినా చాలదు. వయసు మళ్ళిన ఒక రైతు ఫోన్లో అక్షరాల సైజు అన్నిటికన్నా పెద్దదానికి పెట్టి ఉంది. ఇంకొకాయన క్రోమ్‌లో "డెస్క్‌టాప్ సైట్" అనే టిక్ ఎప్పుడో ఏదో ఫారం కోసం పెట్టి అలాగే వదిలేశారు. ఆ టిక్ ఉంటే మనం ఎంత చక్కటి వ్యూపోర్ట్ ట్యాగ్ రాసినా బ్రౌజర్ లెక్కచేయదు, మళ్ళీ కంప్యూటర్ వెడల్పుతోనే పేజీ పరుస్తుంది. దానికి కోడ్‌లో మందు లేదు, ఆయన ఫోన్ తీసుకుని టిక్ తీసేశాను. "ఇన్నాళ్ళూ ఫోన్లన్నీ ఇంతేననుకున్నా అబ్బాయా" అన్నారు.

ఇంకొకటి గమనించాను. ఆయన రిపోర్టులో ముందు పొద్దుటి పీహెచ్ చూశారు, వెంటనే నిన్న సాయంత్రానిది వెతుక్కున్నారు. ఎందుకని అడిగాను. "రెండిటికీ తేడా అర పాయింటు దాటకూడదు. దాటితే నీళ్ళలో నాచు ఎక్కువైనట్టు." పగలు నాచు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది, రాత్రి తగ్గుతుంది. ఆయనకు కావలసింది ఒక అంకె కాదు, పక్కపక్కన రెండంకెలు. ఈ మాట పుస్తకంలో పెద్దగా రాసుకుని కింద గీత గీశాను.

3వ రోజు

ఏ వెడల్పుల్లో చూడాలో తేల్చుకున్నాను. ఫోన్ పెట్టె మీద 1080 పిక్సెళ్ళని ఉంటుంది, కానీ సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలు చెప్పే భాష) లెక్కలో ఆ ఫోన్ వెడల్పు చాలాసార్లు 360 మాత్రమే. తెర మీద అడ్డంగా ఉన్న మూడు చుక్కలు కలిసి సీఎస్ఎస్‌కు ఒక పిక్సెల్ అన్నమాట. మా చేతికి దొరికినవి: మామయ్య కూతురి పాత ఐఫోన్ ఎస్ఈ, 320. గట్టు మీది ఆండ్రాయిడ్లు 360 నుంచి 412 వరకు. టెక్నీషియన్ తిప్పే ట్యాబ్. ల్యాబ్ కంప్యూటర్, 1366.

"ఫోన్‌కు ఇంత, ట్యాబ్‌కు ఇంత, ల్యాప్‌టాప్‌కు ఇంత" అని మూడు గీతలు గీసుకుని మొదలుపెట్టే పద్ధతి నాకు నచ్చదు. 2010లో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అనే పేరు పెట్టినప్పుడు చెప్పినవి మూడు: శాతాల్లో సాగే గ్రిడ్ (పేజీని విభజించే గళ్ళు), దానితోపాటు కుదించుకునే బొమ్మలు, అవసరమైన చోట తెర వెడల్పును బట్టి పేజీ రూపం మార్చే మీడియా క్వెరీలు. అందులో ఫోన్ మోడళ్ళ పేర్లు లేవు. ఏటా కొత్త ఫోన్ వస్తుంది, గీత మారదు. నేను 320 దగ్గర మొదలుపెట్టి బ్రౌజర్ కిటికీని మెల్లగా సాగదీస్తాను. ఏ వెడల్పు దగ్గర పేజీ వికారంగా కనిపిస్తే అక్కడే మార్పు. మన విషయంలో ఆ చోటును తేల్చేవి తెలుగు మాటలే. "ఆల్కలినిటీ" అనే మాట ఒక వరుసలో పట్టాలంటే ఎంత చోటు కావాలో అంత.

మాటల గురించి మామయ్యతో కాసేపు వాదన జరిగింది. "లవణీయత", "క్షారత" అని రాద్దామన్నాను.

"సెలినిటీ అనే రాయి. లవణీయత అంటే ఏందని పొద్దస్తమానం నాకే ఫోన్ చేస్తారు."

ఆయన చెప్పిందే సరి. గట్టు మీద ఎవరి నోటా నేను లవణీయత వినలేదు.

5వ రోజు

టేబుల్. ఈ ప్రాజెక్టంతా ఇదే.

పాత టేబుల్‌లో తొమ్మిది నిలువు వరుసలు: తేదీ, పూట, ఆపైన ఏడు పరీక్షలు. ఒక్కో అడ్డ వరుస ఒక్కో పూట. ఇలాంటి వెడల్పు టేబుల్‌ను ఫోన్లో పెట్టడానికి అందరూ చేసేది ఒకటుంది: ఒక్కో అడ్డ వరుసను ఒక్కో కార్డుగా మార్చి ఒకదాని కింద ఒకటి పేర్చడం. నిన్న నేనూ అదే చేశాను. 360లో అందంగా వచ్చింది. పక్కకు జరగడం లేదు, అక్షరాలు పెద్దవి. మామయ్యకు పంపాను.

పావుగంటలో ఫోన్ వచ్చింది. "బాగుంది రా. కానీ పొద్దుటి పీహెచ్ చూసి సాయంత్రానిది చూడాలంటే కిందికి జరపాల. అది చూసేలోపు ఇది మర్చిపోతా ఉండా."

గీత గీసుకుని మరీ రాసుకున్న మాటను నేను కోడ్ దగ్గరకొచ్చేసరికి వదిలేశాను. కార్డులుగా పేర్చడంలో తప్పు లేదు, కానీ ఈ రిపోర్టులో ఏవి పక్కపక్కన ఉండాలో వాటినే అది విడదీసింది. ఎంత ఇరుకైనా విడిపోకూడని జతలు ఏవో ముందు తేల్చుకోవాలి. మిగతావి ఎటు జరిగినా ఫర్వాలేదు.

మామయ్యను కూర్చోబెట్టి ఆ జతలు రాయించుకున్నాను. మొదటిది, ప్రతి పరీక్షకూ ఉదయం, సాయంత్రం. రెండోది, పీహెచ్ పక్కన అమ్మోనియా. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ నీళ్ళలోని అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. అదే అమ్మోనియా అంకె పీహెచ్ తక్కువున్న రోజు ఒకలా, ఎక్కువున్న రోజు ఇంకోలా చదవాలి. మూడోది, సెలినిటీ పక్కన నైట్రైట్. నీళ్ళలో ఉప్పు తగ్గితే నైట్రైట్ దెబ్బ ఎక్కువ తగులుతుంది, అందులోని క్లోరైడ్ రొయ్యకు కొంత కాపు.

ఇది తెలిశాక లేఅవుట్ దానంతటదే తిరగబడింది. పూటకో కార్డు కాదు, పరీక్షకో వరుస. ఎడమ పక్కన పరీక్ష పేరు, తర్వాత ఉదయం అంకె, సాయంత్రం అంకె. మూడే నిలువు వరుసలు. 320లో కూడా పడతాయి. పీహెచ్ కిందే అమ్మోనియా, సెలినిటీ కిందే నైట్రైట్.

హెచ్‌టీఎమ్ఎల్‌లో (పేజీలో ఏది ఏమిటో చెప్పే కోడ్‌లో) దీన్ని నిజమైన టేబుల్‌గానే ఉంచాను. డివ్‌లతో (ఉత్త పెట్టెలతో) చేస్తే కళ్ళకు తేడా తెలియదు కానీ, స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్ళకు ఏ అంకె ఏ పూటదో చెప్పే ఆధారం పోతుంది. సీఎస్ఎస్‌లో టేబుల్ డిస్‌ప్లేను బ్లాక్‌గానో గ్రిడ్‌గానో మార్చినా కొన్ని బ్రౌజర్లలో అది టేబుల్ అన్న సంగతే పోవచ్చు. అందుకని ఎక్కడ మార్చినా రోల్ గుర్తులు (ఇది టేబుల్, ఇది వరుస అని స్క్రీన్ రీడర్‌కు చెప్పేవి) మళ్ళీ రాశాను.

6వ రోజు

పేజీ పక్కకు కదులుతోంది. ఎక్కువేమీ కాదు, ఒక వేలి మందం. కానీ బొటనవేలితో కిందికి జరిపేటప్పుడు పేజీ అటూ ఇటూ ఊగితే చదివేవాళ్ళకు చిరాకు. సగం రోజు దీనికే పోయింది.

వెతకడానికి నేను చేసేది: పేజీలో ప్రతి వస్తువుకూ ఎర్రటి అవుట్‌లైన్ పెడతాను. బోర్డర్ పెడితే కొలతలు మారతాయి, అవుట్‌లైన్ చోటు తీసుకోదు. ఏ పెట్టె గీత దాటిందో వెంటనే తెలుస్తుంది. ఇక్కడ దాటింది పాత రిపోర్టుల చరిత్ర టేబుల్. అది వెడల్పుగానే ఉండాలి, దానికి విడిగా పక్కకు జరిగే పెట్టె కట్టాను కూడా. అయినా పెట్టె కుదించుకోలేదు. కారణం గ్రిడ్‌లో ఉంది. 1ఎఫ్ఆర్ అని రాస్తే, "మిగిలిన చోటంతా తీసుకో, కానీ లోపల ఉన్నదానికన్నా సన్నబడవద్దు" అని అర్థం. లోపల ఉన్నది వెడల్పు టేబుల్, కాబట్టి సన్నబడలేదు. మిన్‌మ్యాక్స్‌లో కనీస వెడల్పు 0 అని చెప్పగానే పెట్టె కుదించుకుని, టేబుల్ తన పెట్టెలోనే జరగడం మొదలుపెట్టింది. ఫ్లెక్స్ అనే ఇంకో లేఅవుట్ పద్ధతిలో ఇదే చిక్కు వస్తే మిన్-విడ్త్ 0 మందు. ఓవర్‌ఫ్లో హిడెన్ అని పేజీ మొత్తానికి రాసి దాచేయడం మాత్రం చేయకండి, తప్పు అక్కడే ఉంటుంది, పైగా స్టికీ (జరిపినా కదలకుండా అతుక్కుని ఉండే ఏర్పాటు) పెట్టినవి పనిచేయడం మానేయొచ్చు.

చరిత్ర టేబుల్‌లో తేదీ వరుసను ఎడమకు స్టికీగా అతికించాను. చివర కనిపించే నిలువు వరుస సగానికి తెగి ఉండేలా వెడల్పు సరిచేశాను. తెగి కనిపిస్తేనే ఇంకా ఉందని తెలిసి వేలితో లాగుతారు. సరిగ్గా గీత దగ్గర ఆగిపోతే అంతే ఉందనుకుంటారు.

8వ రోజు

తెలుగు అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాల కొలతతో రాసిన సీఎస్ఎస్‌లో మన లిపిని పోస్తే కిందా పైనా తెగుతుంది. గుడులూ తలకట్లూ పైన, వత్తులు కింద. లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.2 ఉంటే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. 1.7 పెట్టాక ఊపిరాడింది.

కానీ ఇవాళ దొరికింది ఊపిరాడకపోవడం కన్నా పెద్ద విషయం. బటన్లకూ, వరుసలకూ నేను ఎత్తు బిగించి, దాటినదాన్ని దాచేయమని రాశాను. ఒక ఫోన్లో "నైట్రైట్" అనే మాటలో "ట్రై" కింది భాగం తెగింది. ఐత్వం గుర్తులో సగం పైన, సగం కింద ఉంటుంది కదా. కింది సగం తెగితే అది ఎత్వంలా కనిపిస్తుంది. తొందరలో చదివేవారికి అది "నైట్రేట్". రొయ్యల చెరువులో నైట్రైట్ ప్రమాదకరం, నైట్రేట్ దానితో పోలిస్తే పెద్దగా హాని చేయదు. ఒక చిన్న ముక్క తెగితే రిపోర్టు అర్థమే మారిపోతుంది. ఆ పూటే ప్రాజెక్టులో ఎక్కడా హైట్ అనే మాట లేకుండా తీసేశాను. మిన్-హైట్ (కనీస ఎత్తు), ప్యాడింగ్ (చుట్టూ వదిలే చోటు), అంతే. అక్షరానికి కావలసినంత ఎత్తు అదే తీసుకుంటుంది.

అలాగే పట్టని మాట చివర మూడు చుక్కలు పెట్టే ఎలిప్సిస్ కూడా తీసేశాను. ఇరుకు పెట్టెలో "అమ్మోనియా" కాస్తా "అమ్మో…" అయింది. చెరువులో లక్షలు పెట్టిన మనిషి తెల్లవారుజామున రిపోర్టు తెరిస్తే ఆ మాట కనబడకూడదు. మాట పట్టకపోతే రెండో వరుసకు పోనీ, తెగకూడదు.

ఫాంట్ సంగతి. శీర్షికలకు రామభద్ర, చదివే భాగానికి మండలి పెట్టి చూశాను, చూడటానికి నిండుగా ఉన్నాయి. కానీ గట్టు మీద సిగ్నల్ ఒక గీత. ఫాంట్ దిగేలోపు పేజీ ఒక ఫాంట్‌లో కనిపించి, దిగాక ఇంకో ఫాంట్‌లోకి మారి, వరుసలు కిందికి దూకుతున్నాయి. చదువుతున్న అంకె వేలి కిందనుంచి జారిపోతోంది. అందుకని ఫోన్లో ఉన్న ఫాంట్‌నే వాడాలని నిర్ణయించాను. ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో, ఐఫోన్లో కోహినూర్ తెలుగు, విండోస్ 8 నుంచి నిర్మలా, అంతకు ముందు వాటిలో గౌతమి. అందం కొంచెం తగ్గింది. ఒకే సైజులో ఒక్కో ఫాంట్ ఒక్కో వెడల్పులో వస్తుంది కాబట్టి ఏ మాట ఎక్కడ విరుగుతుందో ముందే తెలియదు. ఎత్తు బిగించకపోవడానికి ఇది ఇంకో కారణం.

తెలుగు లిపి ఎంత క్లిష్టమైన పనో చెప్పడానికి 2018 ఫిబ్రవరి గుర్తుకొస్తుంది. "జ్ఞా" అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి, ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. మన అక్షరాన్ని తెర మీద గీయడానికి వెనక ఎన్ని లెక్కలు జరుగుతాయో నేను అప్పుడే మొదటిసారి ఆలోచించాను.  మనకు ఒక అక్షరంగా కనిపించే "ట్రై" కంప్యూటర్‌కు నాలుగు కోడ్‌పాయింట్లు, అంటే నాలుగు విడి గుర్తులు. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్-స్పేసింగ్ లాంటివి తెలుగు మీద ప్రయోగించకపోవడం మంచిది.

9వ రోజు

కౌంట్ రేట్ల పేజీ. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే చిన్న రొయ్యలు. ఫోన్లో ఒకే వరుస కాబట్టి ఇబ్బంది లేదు. వెడల్పు తెరలో గ్రిడ్ పెడితే 30, 40, 50 అడ్డంగా పోయాయి. రైతులు ధరల పట్టీని పైనుంచి కిందికే చదువుతారు. గ్రిడ్ తీసేసి, పత్రికలో వరుసల్లాగా మల్టీ-కాలమ్ పెట్టాను. గంటలో అయిపోయింది.

11వ రోజు

ల్యాబ్ కంప్యూటర్లో పేజీ సగం బట్టలు లేకుండా తెరుచుకుంది. అది విండోస్ 7 యంత్రం. విండోస్ 7కు వచ్చిన చివరి క్రోమ్ 109, అంటే 2023 జనవరి నాటిది. నేను సీఎస్ఎస్‌లో నియమాల లోపల నియమాలు రాసే నెస్టింగ్ వాడాను, అది క్రోమ్‌లో 112కి గానీ రాలేదు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న బ్రౌజర్‌ను చూసుకుని రాసిన తప్పు ఇది. కొత్త కంప్యూటర్ కొనమని మామయ్యకు చెప్పడం సమాధానం కాదు. ఆ యంత్రానికి కట్టి ఉన్న ప్రింటర్‌తోనే రోజూ పని నడుస్తోంది. నెస్టింగ్ అంతా విప్పి మామూలు నియమాలుగా రాశాను.

ఇక్కడే ఒక మంచి సంగతి కూడా ఉంది. ల్యాబ్ కంప్యూటర్లో ఎడమపక్క గుంటల జాబితా, కుడిపక్క సన్నటి పెట్టెలో రిపోర్టు ఉంటాయి. మీడియా క్వెరీ చూసేది తెర మొత్తం వెడల్పును. తెర 1366 ఉంది కదా అని, సన్నటి పెట్టెలోని రిపోర్టును కూడా వెడల్పు పద్ధతిలో పరిచి ఇరికిస్తుంది. కావలసింది తాను కూర్చున్న పెట్టె వెడల్పును చూసుకునే కంటైనర్ క్వెరీ. క్రోమ్ 105లోనే వచ్చింది కాబట్టి ఈ పాత యంత్రంలోనూ పనిచేసింది.

మరి మామయ్య కూతురి ఐఫోన్? ఆ మోడల్‌కు ఐఓఎస్ 15తో ఆఖరు, సఫారీలో కంటైనర్ క్వెరీలు 16లో వచ్చాయి. ఐఫోన్లో క్రోమ్ వేసుకున్నా మన దేశంలో లోపల నడిచేది సఫారీ ఇంజనే, తేడా ఉండదు. అయినా ఏమీ చెడలేదు. నేను ముందు రాసింది ఇరుకు తెర పద్ధతి, క్వెరీ అర్థమైన బ్రౌజర్ మాత్రమే దాన్ని వెడల్పు చేసుకుంటుంది. అర్థం కానిది ఇరుకు పద్ధతిలోనే ఉండిపోతుంది. 320 తెరకు కావలసింది అదే.

12వ రోజు

రాత్రినుంచి ముసురు. మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే కదా. వాన పడ్డ రోజు అందరూ సెలినిటీ ముందు చూస్తారు. వాన రోజుల్లో ఆ వరుసను పైకి తెచ్చే ఏర్పాటు చేద్దామా అని ఆలోచించి మానుకున్నాను. ఏ వరుస ఎక్కడ ఉంటుందో వేలికి అలవాటవుతుంది, రోజుకో చోట ఉంటే తడుముకుంటారు.

సిగ్నల్ సరిగా లేని ఈ రోజే పేజీ బరువు, అంటే ఎంత డేటా దిగుతుందో, చూడటానికి మంచి రోజు. బొమ్మలకు ఎస్ఆర్‌సీసెట్ రాసి ఇరుకు తెరకు చిన్న బొమ్మే దిగేలా చేశాను. ఒక రైతు డేటా మిగులుతుందని ఒపెరా మినీ వాడతారు. అతి పొదుపు మోడ్‌లో అది పేజీని తమ సర్వర్‌లో తయారుచేసి, కుదించి ఫోన్‌కు పంపుతుంది, స్క్రిప్టులు పరిమితంగానే నడుస్తాయి. నేను అంకెల్ని స్క్రిప్టుతో నింపుతున్నాను. ఆయన ఫోన్లో గీతలున్నాయి, అంకెలు లేవు. సర్వర్ దగ్గరే అంకెలు నింపి పంపేలా మార్చాను. ఇప్పుడు స్క్రిప్టు లేకపోయినా రిపోర్టు వస్తుంది, అందరికీ ముందుకన్నా తొందరగా వస్తుంది.

14వ రోజు

మళ్ళీ గట్టు మీద. వాన వెలిసి ఎండ గట్టిగా కాసింది.

నేను ఎంచుకున్న లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో మాయమయ్యాయి. రాసినదానికీ వెనకటి రంగుకూ మధ్య కనీసం 4.5కి 1 నిష్పత్తి ఉండాలన్నది ప్రమాణం. ఇంట్లో దానికి దగ్గరగా ఉంటే చాలనుకున్నాను, గట్టు మీద అది చాలదు. తెల్లటి నేల మీద నల్లటి అంకెలకు వచ్చేశాను. ఎర్ర రంగు ఒక్కటే పెట్టి ప్రమాదం సూచించడం కూడా పనిచేయలేదు. అంకె పక్కనే "ఎక్కువ" అనో "తక్కువ" అనో మాట రాశాను. బటన్లు 48 పిక్సెళ్ళు. తడి వేలికి అంతకన్నా చిన్నవి అందవు.

పెద్ద అక్షరాలు పెట్టుకున్న పెద్దాయన ఫోన్లో మూడు వరుసల పద్ధతి ఇరుకైంది. "ఆల్కలినిటీ" రెండు ముక్కలైంది. అక్షరాలు తగ్గించుకోమని ఆయనతో ఎలా అంటాం? గట్టు మీద కూర్చునే మార్చాను. ఇరుకు తెరలో పరీక్ష పేరు పైన ఒక పూర్తి వరుస తీసుకుంటుంది, దాని కింద ఉదయం, సాయంత్రం అంకెలు చెరిసగం. పెట్టె వెడల్పైతే పేరు ఎడమకు జరుగుతుంది. పక్కపక్కన ఉండాల్సిన జత విడిపోలేదు, అక్షరం ఎంత పెద్దదైనా చోటుంది. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. పెద్దాయన కళ్ళద్దాలు తీయకుండానే చదివి, "ఆ, ఇట్టా ఉంటే చూడొచ్చు" అన్నారు.

నమూనా పంపే ఫారంలో రెండు చిక్కులు. ఇన్‌పుట్‌లో అక్షరాలు 16 పిక్సెళ్ళ కన్నా చిన్నవైతే ఐఫోన్లో తాకగానే పేజీ జూమ్ అవుతుంది, 16కు పెంచాను. అడుగున అతికించిన "పంపండి" బటన్ ఆండ్రాయిడ్‌లో కీబోర్డు వెనకకు పోయింది. క్రోమ్ 108 నుంచి కీబోర్డు వచ్చినా లేఅవుట్ కుదించుకోదు. బటన్‌ను అడుగునుంచి తీసి, ఫారం చివర మామూలుగా పెట్టాను.

16వ రోజు

ఊహించని తెర ఒకటి బయటపడింది: స్క్రీన్‌షాట్.

రైతులు లింకు పంపుకోరు. రిపోర్టును స్క్రీన్‌షాట్ తీసి టెక్నీషియన్‌కో, మేత ఇచ్చే షాపుకో, పొత్తులో ఉన్న తమ్ముడికో వాట్సాప్‌లో పంపుతారు. టెక్నీషియన్ చూపించిన ఒక స్క్రీన్‌షాట్‌లో అంకెలన్నీ ఉన్నాయి, గుంట నంబరు లేదు. అది పైకి జరిగిపోయింది. మూడు గుంటలున్న రైతు పంపితే అది ఏ గుంటదో ఎవరికీ తెలియదు. పొరపాటున ఒక గుంట మందు ఇంకో గుంటలో పడితే?

గుంట నంబరు, తేదీ ఉన్న సన్నటి పట్టీని పైన స్టికీగా ఉంచాను. ఎంత జరిపినా అది తెర మీదే ఉంటుంది, ఎక్కడ స్క్రీన్‌షాట్ తీసినా అందులో ఉంటుంది. పీహెచ్, అమ్మోనియా, సెలినిటీ, నైట్రైట్ నాలుగూ మామూలు ఫోన్లో జరపకుండానే కనిపించేలా పైన ఉన్న ల్యాబ్ పేరు, బొమ్మ కిందికి పంపాను. మామయ్య కాసేపు ఊరుకుని, "పేరు కింద ఉన్నా ఫర్వాలేదులే" అన్నాడు. ఆయన ల్యాబ్ పేరు అది, ఆ మాట అనడం తేలిక కాదు.

17వ రోజు

ప్రింటుకు విడిగా మీడియా నియమాలు రాశాను: బటన్లు, జాబితా దాచి, రంగులు తీసేసి, ఒక గుంట రిపోర్టు ఒక ఏ4 కాగితంలో పట్టేలా. స్టికీ పట్టీ ప్రింటులో మామూలు శీర్షికగా మారాలి, ఇప్పుడు అది మొదటి వరుస మీద పడుతోంది. రేపు పొద్దున సీసాలు రాకముందే ల్యాబ్‌కు వెళ్ళి, అదే పాత ప్రింటర్ మీద సరిచేయాలి. చరిత్ర టేబుల్‌ను టెక్నీషియన్ ట్యాబ్‌లో అడ్డంగా తిప్పి చూడటం ఇంకా మిగిలి ఉంది.